పాత ల్యాప్‌టాప్, అమ్మగారి ఫోను: ఏ ఆపరేటింగ్ సిస్టమ్ తగినది?

ప్రశ్న: పెరంబూరు పద్దులు

నమస్కారం. చెన్నైలోని పెరంబూరులో చిన్న వ్యాపారుల జీఎస్టీ, ఆదాయపు పన్ను లెక్కలు చూసిపెట్టడం నా వృత్తి. పని అంతా ఒక పాత ల్యాప్‌టాప్ మీదనే జరుగుతుంది. అందులో ఆరో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నాయి. యంత్రం ఇప్పటికీ చక్కగా నడుస్తున్నా, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయిందనీ, విండోస్ 11కు ఈ ప్రాసెసరు అర్హమైనది కాదనీ తెర మీద సూచన వస్తోంది.

సలహా కోసం ఇక్కడి ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి రిచీ స్ట్రీట్‌కు వెళితే ఒక్కో దుకాణంలో ఒక్కో మాట చెప్పారు. ఒకరు అర్హత లేకపోయినా విండోస్ 11 ఎక్కించి ఇస్తామన్నారు. మరొకరు లినక్స్ వేసుకుంటే చాలు, ఇక దిగులు అక్కరలేదన్నారు. ఇంకొకరు దీన్ని ఇచ్చేసి "డాస్ ల్యాప్‌టాప్" తీసుకుంటే కొన్ని వేలు కలిసివస్తాయన్నారు. నాకు తప్పనిసరిగా కావలసినవి ట్యాలీ, ఎక్సెల్, డిజిటల్ సంతకపు టోకెన్. వీటితో పాటు మా నాన్నగారు ఇక్కడి తెలుగు సంఘం సంచికల కోసం అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన ఫైళ్లు కూడా ఇందులోనే ఉన్నాయి. వాటిని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

మా అమ్మాయి ఈ ఏడాది బీసీఏలో చేరింది. ఆమె పుస్తకంలో ఆపరేటింగ్ సిస్టమ్‌ల రకాలంటే బ్యాచ్, టైమ్ షేరింగ్, రియల్ టైమ్, డిస్ట్రిబ్యూటెడ్ అని రాసి ఉంది. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అనే పేర్లకూ ఈ రకాలకూ సంబంధమేమిటని ఆమె అడిగితే నేను చెప్పలేకపోయాను. గూడూరులో ఉంటున్న మా అమ్మగారి ఆండ్రాయిడ్ ఫోనులో బ్యాంకు యాప్ ఇటీవల తెరుచుకోవడం మానేసింది. ఫోను వెర్షను పాతదని చెబుతోంది. ఈ విషయాలు తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: ఓఎంఆర్ సర్వర్ గది

పద్దులు గారూ, మీరు రెండు వేర్వేరు వర్గీకరణలను ఒకేచోట చూస్తున్నారు. మీ అమ్మాయి పుస్తకంలోని రకాలు పనిచేసే తీరును బట్టి వచ్చినవి. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అనేవి వంశాన్ని బట్టి వచ్చిన పేర్లు. తీరు గురించి ఇక్కడ పాఠాలు చెప్పేవారున్నారు కనుక వారికి వదిలి, నేను వంశాల గురించీ మీ ల్యాప్‌టాప్ గురించీ రాస్తాను.

ముహూర్తాల రోజున కల్యాణ మండపం మేనేజరు ఇరుపక్షాలవారికీ గదులు, వంటశాల, జనరేటరు పంచి ఇచ్చి, ఒకరి తాళం మరొకరి చేతికి పోకుండా చూసినట్టు, ప్రాసెసరు సమయాన్ని, మెమరీని, డిస్కును, ప్రింటరును ప్రోగ్రాములకు పంచి ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ భాగాన్ని కెర్నల్ అంటారు. ఈ పంపకం ఎవరి చేతిలో ఉందన్నది చాలా పెద్ద విషయం. విండోస్ 3.1 కాలంలో ఒక ప్రోగ్రాము తనంతట తాను ప్రాసెసరును వదిలితేనే మరొకదానికి వంతు వచ్చేది. ఒకటి మొండికేస్తే యంత్రమంతా బిగుసుకుపోయేది. ఇప్పటి వ్యవస్థలన్నింటిలో కెర్నలే సమయం చూసి ప్రోగ్రామును పక్కకు తప్పిస్తుంది, ఒకదాని మెమరీని మరొకటి తాకకుండా అడ్డుకుంటుంది. ఎక్సెల్ ఆగిపోయినా ట్యాలీ నడుస్తూ ఉండడానికి కారణం ఇదే.

ఇక వంశాలు. మొదటిది యూనిక్స్. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దీన్ని మొదలుపెట్టారు. 1973లో దాని కెర్నల్‌ను సీ భాషలో తిరగరాయడంతో, ఒక యంత్రానికే కట్టుబడి ఉండే పద్ధతి పోయి, ఎక్కడికైనా తీసుకువెళ్లగల వ్యవస్థ అయింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు యూనిక్స్ లాంటి వ్యవస్థను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా నిర్మించే పని చేపట్టింది. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ దానికి తోడైంది. లినక్స్‌లో బెల్ ల్యాబ్స్ వారి కోడ్ లేదు. ఉన్నది ఆ రూపకల్పన మాత్రమే. ఆపిల్ వైపు చూస్తే, 1996 డిసెంబరులో నెక్స్ట్ సంస్థను కొనబోతున్నట్టు ప్రకటించి, ఆ సంస్థ దగ్గరున్న యూనిక్స్ తరహా వ్యవస్థ ఆధారంగా 2001లో మ్యాక్ ఓఎస్ టెన్‌ను విడుదల చేసింది. 2007లో వచ్చిన ఐఫోను కూడా ఆ పునాది మీదనే నిలబడింది. ఆండ్రాయిడ్‌కు అడుగున ఉన్నది లినక్స్ కెర్నల్. అందుచేత మన చేతుల్లోని ఫోన్లు దాదాపు అన్నీ ఏదో ఒక విధంగా యూనిక్స్ బంధువులే. ప్రపంచంలోని 500 అత్యంత శక్తిమంతమైన సూపర్ కంప్యూటర్ల జాబితాలోనూ 2017 నవంబరు నుంచి ప్రతి యంత్రమూ లినక్స్ మీదనే నడుస్తోంది.

విండోస్ వంశం వేరు. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ మీద మొదట ఆధారపడి, విండోస్ 95, 98 దాకా ఆ బంధాన్ని మోసింది. దానికి సమాంతరంగా, డీఈసీ అనే కంప్యూటర్ల తయారీ సంస్థ నుంచి వచ్చిన డేవ్ కట్లర్ నాయకత్వంలో పూర్తిగా కొత్త కెర్నల్ తయారై 1993లో విండోస్ ఎన్‌టీగా బయటికి వచ్చింది. 2001 నాటి ఎక్స్‌పీతో ఇళ్లలోని కంప్యూటర్లు కూడా ఆ కెర్నల్‌కు మారాయి. మీ విండోస్ 10, కొత్త విండోస్ 11 రెండూ ఎన్‌టీ సంతానమే.

ఈ చరిత్ర మీకు ఎందుకంటే, ట్యాలీ లినక్స్‌లో ఎందుకు నడవదో ఇందులోనే తెలుస్తుంది. ప్రాసెసరు అదే అయినా, విండోస్ ప్రోగ్రాము ఫైలు తెరవాలన్నా, ముద్రణ చేయాలన్నా విండోస్ కెర్నల్‌నూ దాని లైబ్రరీలనూ పిలుస్తుంది. లినక్స్‌లో ఆ పిలుపులకు పలికేవారు ఉండరు. వైన్ అనే సాఫ్ట్‌వేరు ఆ పిలుపులను అప్పటికప్పుడు లినక్స్ పిలుపులుగా మారుస్తుంది, కొన్ని ప్రోగ్రాములకు అది బాగా సరిపోతుంది కూడా. కానీ రిటర్నుల గడువు తేదీ ముందు రోజు వైన్ మీద ఆధారపడమని నేను ఎవరికీ చెప్పను. ట్యాలీప్రైమ్ విండోస్ కోసమే తయారవుతోంది. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీలు మాక్రోలతో, అంటే ఎక్సెల్ లోపల రాసిన చిన్న ప్రోగ్రాములతో నడుస్తాయి కనుక ఎక్సెల్‌కు బదులు లినక్స్‌లో వాడే లిబ్రేఆఫీస్‌లో సక్రమంగా పనిచేస్తాయని నమ్ముకోకూడదు. టోకెనుకు లినక్స్ డ్రైవరు (పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేరు) ఉన్నదీ లేనిదీ తయారీదారును బట్టి మారుతుంది. మీ వృత్తికి విండోస్ కావాలి, అందులో సందేహం లేదు.

అర్హత లేని యంత్రంలోకి విండోస్ 11 ఎక్కించడం సాధ్యమే. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఎనిమిదో తరం లేదా ఆపై ఇంటెల్ ప్రాసెసరు అనే తనిఖీలను తప్పించే మార్గాలు ఉన్నాయి. అయితే అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఇతరుల పాన్ వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకునే యంత్రానికి ఈ పద్ధతి తగదని నా దృఢమైన అభిప్రాయం. అంతకంటే, విండోస్ 10 సెట్టింగులలో పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోండి. అలా నమోదైన వ్యక్తిగత కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ లోపల ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసరు ఉన్న యంత్రాన్ని, సెకండ్ హ్యాండ్‌దైనా సరే, అసలు లైసెన్సుతో తీసుకోవడం మంచిది.

"డాస్ ల్యాప్‌టాప్" అంటే నిజానికి విండోస్ లైసెన్సు లేని ల్యాప్‌టాప్ అని అర్థం. సాధారణంగా అందులో ఉండేది జిమ్ హాల్ 1994లో మొదలుపెట్టిన ఫ్రీడాస్. లినక్స్ వేసుకునేవారికి అది మంచి బేరమే. మీవంటివారు మళ్లీ విండోస్ కొనవలసిందే కనుక ఆదా అయిన డబ్బు అక్కడికే పోతుంది. దుకాణదారు ఉచితంగా "యాక్టివేట్" చేసి ఇస్తానంటే ఒప్పుకోవద్దు. ఆ పనిముట్లు నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటాయి, ఆ తరువాత యంత్రంలో ఏం చేరిందో మీకు తెలియదు.

సమాధానం: తరగతి గది

పై సమాధానం చాలా బాగుంది. నేను కళాశాలలో ఈ పాఠమే చెబుతాను కనుక మీ అమ్మాయి సందేహానికి పరిమితమవుతాను.

ఆ పుస్తకాల్లోని పట్టిక ఆపరేటింగ్ సిస్టమ్‌లు కాలక్రమంలో ఏయే అవసరాలకు పుట్టాయో చెబుతుంది. మొదట్లో పనులను కట్టగా కట్టి ఒకదాని తరువాత ఒకటి నడిపేవారు, అది బ్యాచ్. ఖరీదైన యంత్రం ముందు మనుషులు వరుసలో నిలబడే బదులు, అందరూ ఒకేసారి కూర్చుని వాడుకునేలా 1960ల ఆరంభంలో ఎంఐటీలో సీటీఎస్ఎస్ వంటి వ్యవస్థలు వచ్చాయి, అది టైమ్ షేరింగ్. విద్యార్థులు తరచుగా తడబడేది రియల్ టైమ్ దగ్గర. వేగంగా పనిచేసేది రియల్ టైమ్ అనుకుంటారు. వేగం కాదు, గడువు ముఖ్యం. కారు ఎయిర్‌బ్యాగ్ తెరవాలన్న నిర్ణయం సగటున త్వరగా వస్తే సరిపోదు, ప్రతిసారీ నిర్ణీత వ్యవధిలో వచ్చి తీరాలి. అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్లలో వీఎక్స్‌వర్క్స్ అనే రియల్ టైమ్ వ్యవస్థ ఉంది. విచిత్రమేమిటంటే, పర్సెవరెన్స్ తో పాటు వెళ్లిన చిన్న హెలికాప్టరు ఇంజెన్యుయిటీలో నడిచింది లినక్స్.

ఇక్కడే మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఉంది. ఒకే పేరు గల వ్యవస్థ పట్టికలో అనేక గళ్లలో కనిపించగలదు. రాత్రిపూట వడ్డీ లెక్కలు కట్టే బ్యాంకు సర్వరులో లినక్స్ బ్యాచ్ పని చేస్తుంది. కళాశాల ల్యాబులో పలువురు లాగిన్ అయితే అదే టైమ్ షేరింగ్. గడువులకు కట్టుబడే సామర్థ్యం కూడా 2024లో వచ్చిన 6.12 వెర్షనుతో దాని ప్రధాన కెర్నల్‌లో చేరింది. డిస్ట్రిబ్యూటెడ్ అనే గడి మాత్రం పుస్తకాల్లో కాస్త పాతబడిపోయింది. అనేక యంత్రాలను ఒకే యంత్రంలా చూపే ప్రత్యేక ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉండిపోయాయి. ఆ పనిని ఇప్పుడు కుబర్నెటీస్ వంటి సాఫ్ట్‌వేరు, మామూలు లినక్స్‌కు పైన కూర్చుని చేస్తోంది. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి, కానీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఆమెకు లినక్స్ కావాలంటే ఒక మంచి దారి విండోస్‌లోనే ఉంది. విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ అనే ఏర్పాటు రెండో వెర్షనులో అసలైన లినక్స్ కెర్నల్ విండోస్ పక్కనే నడుస్తుంది. అయినా పాత ల్యాప్‌టాప్‌ను ఆమెకే ఇచ్చి, దానిమీద లినక్స్ తానే వేసుకోమని చెప్పడం నాకు ఎక్కువ ఇష్టం. డిస్కును విభజించడం, యంత్రం ఆన్ కాగానే వ్యవస్థను మొదలుపెట్టే బూట్ లోడరు ఎక్కడ కూర్చుంటుందో చూడడం, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఏ ప్రాసెస్ ఎంత మెమరీ తింటోందో గమనించడం, ఇవన్నీ చేసిన పిల్లలకు ఆ తరువాత తరగతిలో షెడ్యూలింగ్ (ప్రాసెసరు వంతుల పంపకం) గురించి చెబితే కళ్లు వెలుగుతాయి. మన ఊళ్లోనే తరమణిలో ఉన్న ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కేంద్రం, డెబియన్ అనే లినక్స్ ఆధారంగా బాస్ లినక్స్‌ను తయారుచేసింది. 2007లో విడుదలైన ఆ వ్యవస్థలో భారతీయ భాషలకు ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నారు. ఆమె దాన్ని తప్పక చూడాలి. రోజువారీ వాడకానికి మాత్రం, చిక్కు వచ్చినప్పుడు జవాబులు ఎక్కువగా దొరికే ఉబుంటు లేదా లినక్స్ మింట్ సూచిస్తాను.

సమాధానం: కోడంబాక్కం అక్షరాలు

మీ నాన్నగారి ఫైళ్ల మాట ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. నేను తెలుగు పుస్తకాల డీటీపీ చేస్తాను.

అను ఫాంట్లలో కూర్చిన ఫైలు లోపల తెలుగు ఉండదు. అందులో ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు; ఆ ఫాంటు వాటిని తెలుగు ముక్కలుగా గీసి చూపుతుంది. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపించేది అందుకే. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 యూనికోడ్‌ను (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణాన్ని) గుర్తించదు, లినక్స్‌కు రాలేదు, దాని తయారీ కూడా ఎప్పుడో ఆగిపోయింది. కాబట్టి ఆ ఫైళ్లను తెరిచే విండోస్ ఒకటి మీ ఇంట్లో ఉండాలి. పాత ల్యాప్‌టాప్‌ను మీ అమ్మాయికి ఇచ్చేటప్పుడు విండోస్ 10ను పూర్తిగా చెరిపేయకండి. డిస్కులో కొంత భాగం దానికి ఉంచి, వైఫై ఆపేసి, పేజ్‌మేకర్ కోసమే తెరవండి. ఇంటర్నెట్టు తగలని పాత విండోస్ వల్ల ప్రమాదం చాలా తక్కువ. వీలైనప్పుడు ఒక్కో సంచికనూ పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోండి. పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు మిగులుతాయి కనుక ప్రూఫు చూడక తప్పదు.

యూనికోడ్ తెలుగు విషయంలో ఇప్పుడు ఏ వ్యవస్థా వెనుకబడి లేదు. విండోస్ ఎక్స్‌పీ నుంచే గౌతమి ఫాంటు ఉంది. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగు ఏర్పాటు ద్వారా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతోగానీ, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలోగానీ హాయిగా టైపు చేయవచ్చు. అయితే హల్లు, పొల్లు, ఒత్తు, గుణింతం కలిపి ఒక అక్షరంగా పేర్చడం తేలికైన పని కాదని, అది వ్యవస్థ లోతుల్లో జరిగే పని అని 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనిపించని ఒక విడదీసే సంకేతం, ఆపైన దీర్ఘం, ఈ వరుస తెర మీదకు వస్తే చాలు ఐఫోన్లలో మెసేజింగు యాప్‌లు కుప్పకూలేవి. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. అక్షరాలను పేర్చే ఆ భాగం ప్రతి వ్యవస్థలోనూ వేరు. విండోస్‌కు డైరెక్ట్‌రైట్, ఆపిల్‌కు కోర్ టెక్స్ట్, లినక్స్‌కూ ఆండ్రాయిడ్‌కూ హార్ఫ్‌బజ్. ఒకే పేజీ రెండు యంత్రాల్లో కాస్త తేడాగా కనిపించడానికి ఫాంటుతో పాటు ఇది కూడా కారణం. అచ్చుకు పంపేటప్పుడు పీడీఎఫే పంపమని మేము పట్టుబట్టేది ఇందుకే.

ప్రశ్నించినవారు: పెరంబూరు పద్దులు

అందరికీ ధన్యవాదాలు. పాతదాన్ని అమ్మాయికి ఇచ్చి, పనికి విండోస్ 11 ఉన్న సెకండ్ హ్యాండ్ యంత్రం తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. పాతదానిలో విండోస్ 10ను ఉంచుతూ లినక్స్ మింట్‌ను పక్కన పెట్టాలంటే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పగలరా? అమ్మగారి ఫోను సంగతి కూడా మిగిలిపోయింది. ఆమె ఫోను ఆండ్రాయిడ్ 7 అని చూపుతోంది. మా బంధువుల అబ్బాయి ఒకరు దానిలోకి వేరే కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించవచ్చని చెబుతున్నాడు.

సమాధానం: జేబులో లినక్స్

ఫోన్ల విషయం నేను చెబుతాను. ముందుగా ఆ అబ్బాయి సలహాను పాటించవద్దు. లీనియేజ్ ఓఎస్ వంటి కమ్యూనిటీ తయారీలు మంచివే, పాత ఫోనుకు ప్రాణం పోస్తాయి కూడా. అయితే వాటిని ఎక్కించాలంటే బూట్ లోడరు తాళం తీయాలి, ఆ తాళం తీసిన ఫోనును గూగుల్ తనిఖీ గుర్తుపడుతుంది, అప్పుడు చాలా బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు తెరుచుకోవు. మీ అమ్మగారికి కావలసింది బ్యాంకు యాప్ కనుక ఈ శ్రమ వృథా అవుతుంది.

ఆండ్రాయిడ్‌ను మూడు పొరలుగా చూస్తే ఈ సంగతులు తేలికగా అర్థమవుతాయి. అడుగున లినక్స్ కెర్నల్ ఉంటుంది. ప్రతి యాప్‌కూ ఆండ్రాయిడ్ ఒక వేరే వినియోగదారు సంఖ్య ఇస్తుంది, ఆ హద్దును కెర్నల్ కాపాడుతుంది కనుక ఒక యాప్ ఫైళ్లను మరొకటి చదవలేదు. అనేకమంది ఒకే యంత్రాన్ని వాడుకోవడానికి యూనిక్స్‌లో పెట్టిన ఏర్పాటును, ఒకే మనిషి ఫోనులో యాప్‌లను విడదీయడానికి వాడుకున్నారన్నమాట. నాకు ఆండ్రాయిడ్‌లో అన్నింటికంటే నచ్చే భాగం ఇది. దానిపైన ఏఓఎస్‌పీ అనే బహిరంగ కోడ్ ఉంటుంది. ఆపైన ప్లే స్టోర్ వంటి గూగుల్ సొంత సేవలు ఉంటాయి, అవి బహిరంగ కోడ్ కావు. ఈ పై పొరను ఫోను తయారీదారుల చేత తప్పనిసరిగా పెట్టించే ఒప్పందాల మీదనే భారత కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఐఐటీ మద్రాసు ఆసరాతో ఎదిగిన సంస్థ 2023 జనవరిలో ముందుకు తెచ్చిన భరోస్ కూడా ఏఓఎస్‌పీ మీదనే కట్టినది. ముందే పెట్టిన యాప్‌లు లేకుండా, నమ్మదగిన యాప్‌లనే అనుమతించడం దాని ఉద్దేశం. వన్ యూఐ, హైపర్ ఓఎస్, కలర్ ఓఎస్ అని దుకాణాల్లో వినిపించే పేర్లన్నీ ఆండ్రాయిడ్‌కు తయారీదారులు తొడిగిన వేషాలే.

పాత ఫోన్లకు అప్‌డేట్లు ఎందుకు రావు? గూగుల్ కొత్త వెర్షను తీసినంత మాత్రాన సరిపోదు. చిప్పు తయారీదారు ఆ చిప్పుకు డ్రైవర్లు సిద్ధం చేయాలి, తరువాత ఫోను తయారీదారు తన వేషం తొడిగి పరీక్షించాలి. ఈ గొలుసులో ఎక్కడ ఆసక్తి తగ్గినా ఫోను అక్కడే ఆగిపోతుంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో డ్రైవర్ల భాగాన్ని విడదీసి ఈ బాధను కొంత తగ్గించారు. మీ అమ్మగారిది దానికి ముందు తరం. ఐఫోనులో చిప్పు, వ్యవస్థ, ఫోను అన్నీ ఒకరివే కనుక ఈ గొలుసు లేదు. 2015లో ఐఓఎస్ 9తో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021 నాటి ఐఓఎస్ 15 దాకా అందింది. ఆండ్రాయిడ్ వైపు కూడా పిక్సెల్ 8 నుంచి గూగుల్, గెలాక్సీ ఎస్24తో సామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్ల మాట ఇచ్చాయి. అవి ఖరీదైన ఫోన్లు. తక్కువ ధర ఫోన్లలో ఆ కాలం చాలా తక్కువగా ఉంటుంది, మోడలును బట్టి మారుతుంది.

అందువల్ల మీ అమ్మగారికి కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్లు అడగడానికి ముందు, ఆ మోడలుకు భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో తయారీదారు పేజీలో చూడండి. దుకాణంలో ఫోను చేతికి తీసుకుని సెట్టింగులలో భద్రతా ప్యాచ్ తేదీ చూస్తే, ఆ తయారీదారు శ్రద్ధ ఎంతటిదో అక్కడికక్కడే తెలుస్తుంది. కీప్యాడ్ ఫోనే చాలనుకుంటే, ఫైర్‌ఫాక్స్ ఓఎస్ నుంచి పుట్టి 2017లో జియోఫోనుతో మన ఇళ్లలోకి వచ్చిన కాయ్ ఓఎస్ ఉంది కానీ, బ్యాంకు యాప్ కావాలన్న మీ అవసరానికి అది కుదరదు. సింబియన్, బ్లాక్‌బెర్రీ, విండోస్ ఫోన్ మంచి ఇంజనీరింగు ఉండి కూడా నిలవలేకపోవడానికి పెద్ద కారణం యాప్‌ల కొరతే.

సమాధానం: ఓఎంఆర్ సర్వర్ గది

రెండు వ్యవస్థలను పక్కపక్కన పెట్టే పద్ధతి చెబుతాను. అన్నింటికంటే ముందు మీ ఖాతాదారుల ఫైళ్లు, నాన్నగారి ఫైళ్లు, అను ఫాంట్లు బయటి హార్డ్ డిస్కులోకి నకలు తీయండి. ఆ డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకుంటే విండోస్, లినక్స్, మ్యాక్ మూడూ చదువుతాయి. ఫ్యాట్32 అయితే 4 జీబీని మించిన ఒక్క ఫైలును తీసుకోదు.

తరువాత విండోస్‌లో రెండు విషయాలు చూడాలి. డిస్కులోని సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి లేదా ఆ తాళాన్ని తీసేయండి. బూట్ పద్ధతి మారిందని గ్రహించగానే అది ఆ పొడవైన కీని అడుగుతుంది. ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు, సగం నిద్రలో ఉండిపోతుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి విండోస్ భాగంలో రాయబోతే ఫైళ్లు చెడే ప్రమాదం ఉంది కనుక, లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. ఆ పైన విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ఆ భాగాన్ని కుదించి, లినక్స్‌కు 80 జీబీ అయినా ఖాళీ చేయండి. మింట్ 20 జీబీలో కూడా ఇముడుతుంది కానీ, చదువుకునే పిల్లకు ఆ చోటు త్వరలోనే చాలదు.

మింట్ 22 తీసుకోండి. అది ఉబుంటు 24.04 మీద ఆధారపడినది, 2029 వరకు భద్రతా అప్‌డేట్లు ఉంటాయి. దాని ఐఎస్ఓ ఫైలును (మొత్తం వ్యవస్థ ఒకే ఫైలుగా ఉన్నదాన్ని) రూఫస్ అనే ప్రోగ్రాముతో పెన్ డ్రైవులోకి రాసి, దాని నుంచి బూట్ చేస్తే ఇన్‌స్టాల్ చేయకుండానే మొత్తం వ్యవస్థ తెర మీదకు వస్తుంది. అక్కడే వైఫై కలిసిందా, స్పీకరు పలికిందా, మూత మూసి తెరిస్తే నిద్ర లేచిందా, ప్రింటరు దొరికిందా అని పరీక్షించండి. అన్నీ సరిగ్గా ఉంటేనే ఇన్‌స్టాల్ బొత్తం నొక్కండి, అక్కడ "విండోస్ పక్కన" అనే ఎంపికనే ఎంచుకోండి. "డిస్కును చెరిపివేయి" అనేది దాని పక్కనే ఉంటుంది కనుక ఈ ఒక్క తెర దగ్గర మీరు స్వయంగా కూర్చోండి.

రెండూ కుదిరాక మీ అమ్మాయికి ఒక వింత కనిపిస్తుంది. మింట్ నుంచి విండోస్‌లోకి వెళ్లగానే గడియారం అయిదున్నర గంటలు వెనుకబడుతుంది. మదర్‌బోర్డు మీది గడియారాన్ని విండోస్ మన స్థానిక సమయంగా చదువుతుంది, లినక్స్ దానిలో అంతర్జాతీయ ప్రమాణ సమయాన్ని ఉంచుతుంది, తేడా అక్కడిదే. మదర్‌బోర్డు గడియారాన్ని స్థానిక సమయంగా భావించమని లినక్స్‌కు ఒక్క ఆదేశంతో చెప్పవచ్చు. ఆ ఆదేశాన్ని ఆమెనే వెతకనివ్వండి. దొరకకపోతే ఇక్కడ అడగమనండి.